రేగడి నేలపై రాతి ఇల్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు ఇంటి కట్టడమును గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. ఆంధ్రదేశమున పల్లె గ్రంథాలయములు పెక్కు ఎవరో ఒక గృహస్థు ఇంటి అరుగు మీదనో, వసారా పక్కనున్న చిన్న గదిలోనో పుట్టినవే. ఒక బీరువా, ఒక బల్ల, ఒక దినపత్రిక. వాటికి నీడ నిచ్చినది పాత ఇల్లు. అట్టి ఇండ్లు నేడు అనేక గ్రామములలో వేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. మిగిలినదానిని కూల్చవలెనా, బాగుచేసి నిలుపుకొనవలెనా యను తర్కము ఏటేట ఏదో ఒక కుటుంబములో జరుగుచునే యున్నది. ఆ తర్కమున ధర మాట వచ్చును, వాటాల మాట వచ్చును, వాస్తు మాట వచ్చును. ఇల్లు ఏ పదార్థముతో, ఏ ఉపాయముతో ఇన్ని యేండ్లు నిలిచినదను మాట మాత్రము వచ్చుట అరుదు. అది తెలియక చేసిన మరమ్మతు వలన పడిపోయిన ఇండ్లు ముసలితనము వలన పడిపోయిన వానికంటె తక్కువేమీ కావు.

మొదట రాయి సంగతి. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల తాలూకాలు కొన్ని చేర్చి 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లాను ఏర్పరచిరి. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడినవి. కచ్చేరీల సరిహద్దులు ఎన్నిమార్లు మారినను రాతి సరిహద్దు మారలేదు. పడమట పిడుగురాళ్ళ, దాచేపల్లి, గురజాల, మాచర్ల ప్రాంతములు నాపరాతి దేశము. నాపరాయి యనగా సున్నపురాయియే. ఎన్నో కోట్ల సంవత్సరముల క్రిందట నీటి అడుగున పొరలు పొరలుగా పేరినది గనుక గునపము పెట్టి ఎత్తినచో పలకలుగా లేచి వచ్చును. తూర్పున కొండవీడు, కోటప్పకొండ, మంగళగిరి కొండలలో దొరకునది వేరు జాతి. అది గట్టి కొండరాయి. పొర లేదు, ఉలి దెబ్బకు గాని లొంగదు. దక్షిణమున చీమకుర్తి నల్లరాయి నక్షత్రములవంటి మెఱుపుతో నేడు దేశదేశములకు ఓడలెక్కి పోవుచున్నది. మార్కాపురము రాతిపై అక్షరములు దిద్దని పెద్దలు ఈ సభలో అరుదుగా ఉందురు. పలకల కొఱకు ఆ ఊరు అంత పేరుపొందినది.

ఏది నాపరాయి, ఏది కొండరాయి యని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞుడు అక్కరలేదు. వంటింటి గట్టు మీద నిమ్మరసపు చుక్క పడి ఆరినచో నాపరాతి నునుపు పోయి తెల్లని మచ్చ కట్టును. కొండరాతికి ఏమియు కాదు. ఈ రహస్యము గృహిణులు అందరు నెఱుగుదురు. పులుపు సున్నపురాతిని తినివేయును. ఇది చిన్న విషయమువలె కనబడును గాని గోడకు ఏ సున్నము వాడవలెను, ఏది వాడరాదు అను చర్చకు ఇదియే మొదలు.

ఈ రెండు రాళ్ళ నడుమ వందల గ్రామములు రేగడి నేలలో ఉన్నవి. ప్రత్తి, మిరప పండు ఆ నేలలో ఇంటికి పనికివచ్చు రాయి దొరకదు. దొరకునది సున్నపు గడ్డలు మాత్రమే. చేలలో దున్నినప్పుడు పైకి తేలు ఆ గడ్డలను ఏరి బట్టీ పెట్టి కాల్చి సున్నము చేయుట పూర్వము సామాన్యము. సముద్రతీరమున చీరాల, బాపట్ల వైపు గుల్లలు కాల్చి గుల్లసున్నము చేసిరి. పల్నాట రాతిసున్నము. పిడుగురాళ్ళ నేటికిని సున్నపు బట్టీలకు ప్రసిద్ధమైన ఊరు. కావున రాతి ఇల్లు కట్టదలచిన రైతు పునాదికి సమీపపు కొండ నుండి గుండ్లు, గచ్చుకును కప్పుకును పల్నాటి నుండి పలకలు, దూలములకు నల్లమల టేకో, ఓడరేవుల మీదుగా వచ్చిన బర్మా టేకో, అంత శక్తి లేనివాడు తాటి దూలమో ఎద్దుబండ్లపై తోలించుకొనెను. బండ్లు తోలుటకు పొలము పనులు లేని దినములు కావలెను. కావుననే ఒక ఇల్లు పూర్తియగుటకు రెండు మూడు వేసవులు పట్టుట వింత కాదు.

రాయి దొరకని చోట రాతికి వచ్చిన గిరాకి ఎంతటి నష్టము చేయగలదో అమరావతి చరిత్ర చెప్పుచున్నది. అక్కడి మహాస్తూపమునకు తొడిగిన శిల్పపు పలకలు పల్నాటి సున్నపురాయియే. పదునెనిమిదవ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు చింతపల్లి నుండి తమ నివాసమును అమరావతికి మార్చి క్రొత్త పట్టణము కట్టించుచుండగా, ఆ దిబ్బ నుండి ఇటుకలును రాళ్ళును కట్టడములకు తరలినవి. 1797లో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూచి వ్రాసికొనెను. 1816లో మరల వచ్చి పటములు గీయించునప్పటికి చాల భాగము పోయినది. కొన్ని పలకలు సున్నపు బట్టీలలో కాలి భస్మమైనవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పములలో అధిక భాగము లండను నగరము చేరినది. తక్కినవానిలో పెక్కు చెన్నపట్టణపు మ్యూజియములో ఉన్నవి. రెండువేల యేండ్ల నాటి శిల్పి చెక్కిన రాయి ఒక మేడ మెట్టుకో, ఒక వెల్లకో వినియోగపడినది. చేసినవారు దుర్మార్గులు కారు. వారికి అది దగ్గరలో దొరకిన మంచి రాయి, అంతే. నేడు పాత ఇంటి స్తంభములను, చెక్కడపు ద్వారబంధములను లారీలకెత్తి పట్టణములకు అమ్మువారిని నిందించుటకు ముందు ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుట న్యాయము.

ఇక పునాది. రేగడి వంటి మంచి నేల పైరుకు లేదు. అంతటి చెడ్డ నేల ఇంటికి లేదు. వేసవిలో అది ముడుచుకొని మోచేయి దిగబడునంత నెఱ్ఱెలు విచ్చును. వానకు నీరు త్రాగి ఉబ్బును. ఇల్లు కట్టిన పిదప ఇంటి నడుమ నేలలోని తేమ అంతగా మారదు. గోడల వెలుపలి అంచున నేల మాత్రము ఋతువుతో పాటు లేచును, దిగును. నడుమ కదలదు, అంచులు కదలును. గోడలు బీటలు వారుటకు ఇదియే ముఖ్యకారణము. దయ్యమును దిష్టిని తలచుకొని గుమ్మడికాయ కట్టుటకు ముందు చూరునీరు ఎక్కడ పడుచున్నదో చూడవలెను.

పూర్వపు పనివారు ఈ సంగతిని పుస్తకములలో చదువలేదు గాని బాగుగా నెఱుగుదురు. రేగడి పలుచగా ఉన్నచోట అడుగున గరపనేల తగులు వరకు త్రవ్విరి. లోతుగా ఉన్నచోట వెడల్పైన కందకము తీసి, ఇసుక పోసి, నీరు పోసి అణగద్రొక్కి, దానిపై పెద్ద గుండ్లు పరచి, మెట్లు మెట్లుగా సన్నగిల్లునట్లు పైకి తెచ్చిరి. ఇసుక నీటికి ఉబ్బదు. నేల కదలికను కొంత తనలో ఇముడ్చుకొనును. రూర్కీలో 1947లో స్థాపింపబడిన కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు ఇట్టి నేలల కొఱకు మరియొక పద్ధతిని వృద్ధిచేసిరి. అడుగు భాగమున ఉల్లిగడ్డవలె ఉబ్బిన కాంక్రీటు కంబములను తేమ మారని లోతు వరకు, సామాన్యముగా 3 మీటర్లకు పైగా, దింపి వాటిపై ఇల్లు నిలుపుదురు. అది మేలైన పద్ధతి. క్రొత్తగా కట్టుకొనువారు దానిని గూర్చి ఇంజనీరును అడుగవచ్చును. పాత ఇంటికి మాత్రము దాని పునాదియే ఆధారము. దానిని తడవకుండ కాచుకొనుట ఒక్కటే చేయగలిగినది.

ఇచ్చట అరుగు ప్రస్తావన వచ్చును. అరుగనగా బాటసారి కూర్చుండు తావు, పెద్దలు పత్రిక చదువుకొను తావు అని మాత్రమే తలతురు. వీధి గోడ అడుగున రెండు మూడడుగుల వెడల్పున నాపరాళ్ళు పరచిన ఆ గట్టు చేయు ముఖ్యమైన పని వేరొకటి యున్నది. వాననీరు పునాదిలోనికి దిగకుండ అది దూరముగా జారవిడుచును. రోడ్డు వెడల్పు చేయుటకో, వాహనము నిలుపుటకో అరుగు తీసివేసిన తరువాత రెండు మూడు వర్షకాలములకు వీధిగోడ మూల బీట విచ్చినచో ఆశ్చర్యపడ నక్కరలేదు.

గోడ కట్టుబడిని గమనింపుడు. రెండడుగుల గోడ యనగా రెండడుగుల రాయి కాదు. వెలుపల ఒక వరుస, లోపల ఒక వరుస రాళ్ళు పేర్చి నడుమ చిన్న రాళ్ళు, మట్టి నింపుదురు. ఈ రెండు వరుసలు దేనికది విడివడి ఉబ్బిపోకుండ అక్కడక్కడ ఈ ముఖము నుండి ఆ ముఖము వరకు పోవు పొడుగు రాయి వేయవలెను. మంచి మేస్త్రి పనికిని చెడ్డ మేస్త్రి పనికిని తేడా ఆ రాళ్ళలోనే యున్నది, పైకి కనబడదు. నాపరాతి గోడలలో పలకలు సహజముగా పడుకొని కూర్చుండును గనుక పని సులభము. కొండరాతి గుండ్లకు ముఖము చెక్కి, సందులలో చిల్లరాళ్ళు బిగించి కూర్చవలెను. మూలలకు పెద్ద రాళ్ళు ఒకమారు ఇటు, ఒకమారు అటు తిప్పి వేసి రెండు గోడలను కట్టిపడవేసిరి. రాతిపనివారు, ముఖ్యముగా వడ్డెరలు, ఎండలో సమ్మెట పట్టి చీల్చిన రాళ్ళు అవి. ఆ రాతి గోడల నీడ వారికి దక్కినది తక్కువ. వారి బ్రతుకులు పూరిపాకలలోనే గడచినవి. పాత ఇండ్ల అందమును పొగడువారు ఈ మాట కూడ చెప్పవలెను.

రాళ్ళ నడుమ పెట్టునది గానుగ సున్నము. సున్నమును, ఇసుకను రాతి చక్రము తిరుగు గుండ్రని గాడిలో పోసి ఎద్దులచే త్రొక్కించి మెత్తగా చేసిరి. ఇటుకపొడి కలిపినచో తడిలోను గట్టిపడును. గచ్చునకును, మేలైన పూతకును కరక్కాయ ఊట, బెల్లపు నీరు చేర్చుట కలదు. సున్నము సంగతి చిత్రమైనది. సున్నపురాతిని కాల్చినప్పుడు అందులోని బొగ్గుపులుసు గాలి పోవును. నీరు పోసినచో బుసబుస పొంగి వెన్నవలె నగును. గోడకెక్కిన పిదప గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లగా మరల పీల్చుకొని తిరిగి రాయి యగును. దీనికి నెలలు పట్టును, గోడ లోపలి భాగమునకు ఏండ్లు పట్టును. అందువలన సున్నపు గోడ కొంత మెత్తన, నేల కదలినప్పుడు ఒక్క పెద్ద బీటగా చీలక వెండ్రుకవంటి సన్నని పగుళ్ళుగా సర్దుకొనును. ఆ పగుళ్ళలో కొన్నిటిని సున్నము తానే కరగి, తానే గట్టిపడి పూడ్చుకొనును. రేగడి నేలపై ఈ గుణము అమూల్యమైనది.

కప్పు రెండు విధములు. పల్నాట మట్టి మిద్దె అధికము. దూలములు, వాటిపై అడ్డముగా దంతెలు, దంతెలపై నాపపలకలు, పలకలపై మట్టి, అందరికంటె పైన చవుటిమట్టి. చవుడు నీటికి త్వరగా కరగక జిగురుగా అణగి వాననీటిని జార్చును. దంతెకును దంతెకును నడుమ ఎడము తక్కువగా నుండుటకు కారణము గలదు. రాయి ఎంత బరువునైన నెత్తిన మోయును గాని వంగలేదు. ఎడము పెరిగినచో హెచ్చరిక లేకయే ఫెళ్ళున విరుగును. తూర్పు మెరక గ్రామములలోను, డెల్టాకు దగ్గరి ఊళ్ళలోను మండువా లోగిళ్ళు పెరిగినవి. నాలుగు వైపులనుండి పెంకుల కప్పు లోనికి వాలి, నడుమ ఆకాశము కనబడు వాకిలి యుండును. మొదట కుమ్మరి చేసిన గూనపెంకులు. మంగుళూరులో 1865లో బాసెల్ మిషను వారు పెంకుల కార్ఖానా పెట్టిన తరువాత క్రమముగా యంత్రపు పెంకులు వ్యాపించినవి. మండువాలో పడిన నీరు ఇంటి క్రిందుగా పోవు తూముగుండ వీధిలోనికి పోవును. ఈ తూమును గుర్తుంచుకొనవలెను. మరల దీనితో పని యున్నది.

ఇంతటి శ్రమ ఎందుకు పడిరి? ఎండ ఒక కారణము. రెంటచింతల ఎండను గూర్చి ఎవరికిని చెప్పనక్కరలేదు. 45 డిగ్రీలు దాటు దినములు వేసవిలో వచ్చుచుండును. రెండడుగుల రాతి గోడ వెలుపలి ముఖమున తగిలిన వేడి లోపలి ముఖమునకు చేరులోగా ప్రొద్దు క్రుంకును. మధ్యాహ్నము లోపల చల్లన. రాత్రి మాత్రము గోడ ఆ వేడిని లోనికి వదలును. అందుకే వేసవి రాత్రులు మిద్దె మీదను, మండువాలోను, అరుగులపైనను మంచములు వేసికొనిరి. ఇల్లు పగటికి, మిద్దె రాత్రికి.

రెండవ కారణము నిప్పు. ఈ మైదానపు సంపద అంతయు త్వరగా అంటుకొనునదియే. ప్రత్తి, ఎండుమిరప, జొన్నచొప్ప, ప్రత్తికట్టె. తాటాకు కప్పుల వరుసలో ఒక పొయ్యి నుండి లేచిన నిప్పురవ్వ వైశాఖపు గాడ్పుకు వాడను బూడిద చేయగలదు. ధర వచ్చువరకు ప్రత్తిని ఇంట పోసికొని కూర్చుండదలచిన రైతుకు పూరి కప్పు క్రింద నిద్ర పట్టదు. మట్టి మిద్దె అంటుకొనదు. నాపరాతి గచ్చుపై కట్టెలు పరచి ప్రత్తి పోసినచో నేలచెమ్మ ఎక్కదు. సరకును నిలువచేసికొనగలిగినవాడు వర్తకుడు చెప్పిన ధరకు లొంగనక్కరలేదు. కనుక రాతి ఇల్లు గౌరవమునకు కట్టినది మాత్రమే కాదు, బేరములో నిలబడుటకు కట్టినది. నేడు మిరపకు గుంటూరు చుట్టుపట్ల శీతల గిడ్డంగులున్నవి. ఆ అవసరము చాలవరకు తీరినది. ఇండ్లు అక్కరకు రానివిగా కనబడుటకు ఇదియు నొక హేతువు.

ఇంగ్లండు పల్లెపట్టుల రాతి ఇండ్ల పటములను పుస్తకములలో చూచినవారు ముచ్చటపడుదురు. వాటిలో కాట్స్‌వోల్డ్ కొండల ఇండ్లు మిక్కిలి ప్రసిద్ధములు. చిత్రమేమనగా అదియు సున్నపురాయియే. చేపగ్రుడ్లవంటి చిన్న గుండ్రని కణములతో, తేనెరంగుతో నుండును. గోడ కట్టుబడి పల్నాటి గోడ వంటిదే: రెండు వరుసలు, నడుమ చిల్లరాళ్ళు, సున్నము. తేడా వాతావరణములో నున్నది. ఇక్కడ ఎండను తప్పించుకొనుటకు నడుమ వాకిలి పెట్టిరి. అక్కడ చలిని తప్పించుకొనుటకు నడుమ నెగడు పెట్టిరి. ఇక్కడ కప్పు చదును; అక్కడ మంచును వానను జార్చుటకు నిటారైన కప్పు. దానిపై పరచునవి పలుచని రాతి పలకలు, చూరున పెద్దవి, పైకి పోవుకొలది చిన్నవి. స్టోన్స్‌ఫీల్డ్ అను ఊరిలో గని నుండి తీసిన రాతిని తడిగా నుంచి శీతకాలపు మంచుకు వదలిపెట్టెడివారు. లోపలి నీరు గడ్డకట్టి రాతిని పలకలుగా చీల్చును. పల్నాట గునపము చేయు పని అక్కడ మంచు చేసినది.

బైబరీ అను గ్రామమున ఆర్లింగ్టన్ వరుస యని కొన్ని చిన్న ఇండ్లున్నవి. 1380 ప్రాంతమున అది ఉన్ని నిలువచేయు కొట్టము. పదునేడవ శతాబ్దిలో దానిని సాలెవారి ఇండ్లుగా మార్చిరి. ఉన్నికి కట్టినది మనుష్యులకు పనికివచ్చినది. అది నేటికిని నిలిచియుండుటకు రాతి బలము ఒక్కటే కారణము కాదు. 1877లో విలియం మారిస్ మొదలగువారు ప్రాచీన భవన రక్షణ సంఘమును స్థాపించి, పాత కట్టడమును క్రొత్తదానివలె తీర్చిదిద్దుట కంటె నిత్యము చిన్న చిన్న మరమ్మతులతో కాపాడుట మేలని వాదించిరి. 1947 చట్టము తరువాత విలువగల పాత ఇండ్ల జాబితాలు తయారైనవి. జాబితాలో చేరిన ఇంటిని అనుమతి లేక యజమానియైనను కూల్చరాదు. ఆంధ్రప్రదేశములో 1960 నాటి ప్రాచీన కట్టడముల చట్టము కలదు గాని అది ప్రభుత్వము ప్రకటించిన కట్టడములకు వర్తించును. ఊరిలోని సామాన్య గృహస్థు మిద్దెకు ఆ రక్ష లేదు. దానిని నిలుపుటయో కూల్చుటయో ఆ కుటుంబము ఇష్టము.

ఆ కుటుంబమునకు పాత ఇంటిపై విసుగు పుట్టుటకు న్యాయమైన కారణములు కూడ కలవు. గదులు చీకటి. కిటికీలు చిన్నవి, ఎత్తున ఉన్నవి; దొంగలభయము అట్టిది. వంటశాలలో పొగ పోవు దారి చాలక ఎన్ని తరముల స్త్రీల కండ్లు మండినవో లెక్క లేదు. మఱుగుదొడ్డి ఇంటిలో లేదు. ఈ లోపములు దిద్దరానివి కావు. కప్పులో గాజుపలక ఒకటి అమర్చినచో గదికి వెలుగు వచ్చును. స్నానపు గది, మఱుగుదొడ్డి పెరటివైపు వేరు పునాదిపై, పాత గోడను తాకకుండ కట్టుకొనవచ్చును. వాటి నీరు పాత గోడ అడుగున దిగకుండ చూచిన చాలును.

ఇల్లు నిజముగా చెడుట మూడు విధముల జరుగుచున్నది. మొదటిది పంపకము. అన్నదమ్ములు విడిపోయి మండువా నడుమ గోడ పెట్టుదురు. తూము ఒకరి వాటాలో పడును, నీరు ఇద్దరి కప్పులనుండి పడును. మాట పట్టింపులతో తూము పూడును. నిలిచిన నీరు రేగడిలోనికి దిగును. నాలుగైదేండ్లలో గోడ బీట వారును. అప్పుడు ఇల్లు పాతబడినదందురు. పంపకపు కాగితములో తూమునకు ఒక వాక్యము వ్రాసికొనియుండినచో ఆ ఇల్లు ఇంకొక తరము నిలిచెడిది.

రెండవది మట్టి బరువు. మిద్దె కారినపుడెల్ల పాత మట్టి తీయక క్రొత్త మట్టి పోయుచు వచ్చిరి. 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల గదిపై ఒక అంగుళము మందము మట్టి దాదాపు 600 కిలోల బరువు తూగును. ఏటేట కొంచెము కొంచెముగా ఆరంగుళములు పేరినచో మూడున్నర టన్నులు. తడిసినచో మరింత. దూలపు కొనలు గోడలో దూరినచోట చెద పట్టియుండును, పైకి కనబడదు. తుపాను రాత్రి కప్పు కూలినదన్న వార్తల వెనుక తరచుగా నుండునది ఈ లెక్కయే. పాత ఇంటిని ప్రేమించువారు ముందుగా చేయవలసిన పని మిద్దె పైకెక్కి మట్టి మందము కొలుచుట. క్రింద దూలపు కొనలను కఱ్ఱతో తట్టి డొల్ల శబ్దము వచ్చునేమో వినుట. డొల్లగా మ్రోగిన గదిలో ఆ దూలము మార్చువరకు ఎవ్వరును పడుకొనరాదు. ఈ విషయమున మొగమాటము తగదు.

మూడవది సిమెంటు. పల్నాటి సున్నపురాతినే నేడు కర్మాగారములలో కాల్చి సిమెంటు చేయుచున్నారు. క్రొత్త ఇంటికి అది దివ్యమైన పదార్థము. నాగార్జునసాగరమున లక్షల రాళ్ళను బిగించిన కట్టడపు పనికి దాని గట్టిదనమే ఆధారమైనది. కాని సున్నముతోను మట్టితోను కట్టిన గోడకు వెలుపల సిమెంటు పూసినచో రెండు కీడులు కలుగును. నేలచెమ్మ గోడలో పైకెక్కును. పూర్వము సున్నపుపూత గుండ అది ఆవిరియై పోవుచుండెను. సిమెంటు పూత దానిని బయటకు పోనీయదు. ఆ చెమ్మ లోపలివైపునకు వచ్చి ఉప్పు పొంగించి, రాతి ముఖమును పొడిపొడిగా రాల్చును. దూలపు కొనలను కుళ్ళించును. రెండవది, నేల కదలినప్పుడు మెత్తని గోడ సర్దుకొనును, గట్టి పూత సర్దుకొనలేక పెంకుగా విడిపోవును. ఆ సందులో నీరు నిలుచును. ఇంగ్లండులోను ఇదే తప్పు విరివిగా జరిగి, పిదప పాత గోడల నుండి సిమెంటును ఒలిచి సున్నము పెట్టుట మరల నేర్చుకొనవలసివచ్చినది.

బీటను చూచినంతనే భయపడి గోడ కూల్చనక్కరలేదు. పైన వెడల్పుగా క్రింద సన్నముగా నున్న బీట గోడ చివర దిగుచున్నదని తెలుపును. క్రింద వెడల్పుగా నున్నచో నడుమ దిగుచున్నదని అర్థము. బీటకు అడ్డముగా సన్నని గాజుముక్కను రెండు కొనలు సున్నముతో అతికించి, ప్రక్కన తేదీ వ్రాసి ఒక వర్షకాలమును ఒక వేసవిని గడపనీయవలెను. గాజు పగులకున్నచో అది ఎప్పుడో కదలి నిలిచిన గోడ, పూడ్చి ఊరకుండవచ్చును. పగిలినచో గోడ ఇంకను కదలుచున్నది. అప్పుడు పునాది దగ్గర నీటి దారిని వెదకవలెను, గోడకు మిక్కిలి దగ్గరగా పెరిగిన చెట్టు వేసవిలో నేలతేమను లాగుచున్నదేమో చూడవలెను. నీటి సంగతి చక్కబడువరకు పూత పని పెట్టుకొనుట ధనము వృథా.

పూడ్చునప్పుడు సందులోని పాత పొడిని దువ్వి తీసి, నీటితో తడిపి, సున్నము ఒక పాలు, శుభ్రమైన ఇసుక రెండున్నర మూడు పాళ్ళు కలిపిన ముద్దను లోతుగా నొక్కవలెను. సున్నమును కనీసము కొన్ని వారములు నీటిలో మాగనిచ్చి వాడినచో పూత పొక్కదు. గానుగలు ఇప్పుడు అరుదైనవి. యంత్రపు మిల్లుతో త్రొక్కించినను పని జరుగును. తెలిసిన ముసలి మేస్త్రి ఊరిలో ఉన్నచో ఆయన చెప్పినది ఒకరు వ్రాసి గ్రంథాలయమున ఉంచుట మంచిది; ఇంటి కొలతలు, రాయి వచ్చిన క్వారీ పేరు, కట్టిన సంవత్సరము కూడ. ఈ పని పాఠశాల పిల్లలు టేపు పట్టి ఒక సెలవుదినమున చేయగలరు.

క్రొత్త సున్నము ఎండకు త్వరగా ఆరినచో గట్టిపడక పిండివలె రాలును. గోనెపట్టాలు కప్పి పది పదిహేను దినములు తడుపుచుండవలెను. కావున ఈ పనికి వైశాఖ జ్యేష్ఠములు పనికిరావు. వానలు వెనుకబట్టిన తరువాత కార్తీకము చివర మొదలుపెట్టి, మిరప కోతలకు కూలీలు దొరకని దినములు రాకముందే ముగించుకొనుట రైతుకు అనుకూలము.